గాజుతొట్టిలోని పచ్చనీరు

నీటికి కఱవైన సీమలో నీటిని గాజుతొట్టిలో నింపి, చేపలను మొక్కలను పెంచి వినోదించుట తగునా యని యడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములలో వేసవి వచ్చినంతనే బిందెలు వరుస దీర్చు వీధులు నేటికిని కలవు. కాని లెక్క చూడుడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో పట్టునది సుమారు 55 లీటర్ల నీరు. వారమునకొకమాఱు దానిలో నాలుగవవంతు తీసి క్రొత్తనీరు పోయవలెను. తీసిన నీరు మురికికాలువ పాలు గానక్కఱలేదు. చేపల మలముచే సారవంతమైన యా నీరు మల్లెపాదునకు మంచి యెరువు. కావున వ్యర్థమగు నీరు స్వల్పము. ఆ స్వల్పమునకు బదులుగా తొట్టి మనకు నేర్పదగిన పాఠము గొప్పది. దాని పాఠమును వినక, దానియందు శకునములను వెదకు నలవాటు మన యిండ్లలో ప్రబలుచున్నందున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తొట్టి పెట్టిన ప్రతివానికిని తొలినెలలలో నెదురగు చిక్కు పాచి. అద్దములపై పచ్చని పొర, ఆకులపై దారములవంటి పోగులు, ఒక్కొక్కయెడ నీరే ఆకుపసరు కలిపినట్లు పచ్చబడుట, ఇవి దాని రూపములు. మన భాషలో ఆ పేరే దానికి శత్రువు. పాచినోరు, పాచిముఖము, పాచిపని, పాచిపోయిన కూడు, ఈ మాటలన్నిటను నిలువయు నశుచియు కుళ్లునే స్ఫురించును. అట్టి పేరు గలదానిని నట్టింట జూచినంతనే మనస్సు జంకుట సహజము. శాస్త్రచరిత్రలో మాత్రము పాచికి గల స్థానము వేఱు. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అను పండితుడు, నీటిలో ముంచిన యాకులు ఎండలో నున్నంతసేపు ప్రాణవాయువు బుడగలను విడుచుననియు, చీకటిలో నవి యాగిపోవుననియు స్థాపించెను. ఆ కాలముననే జోసెఫ్ ప్రీస్ట్లీ తన గాజుపాత్రల గోడలకు పట్టిన 'పచ్చని పదార్థము' ఎండ తగిలినప్పుడు శ్వాసకు యోగ్యమగు వాయువును విడుచుటను గమనించెను. ఆ పచ్చని పదార్థము పాచియే. భూమిపై గాలిలో ప్రాణవాయువు తొలిసారి నిలువదొడగినది సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట. దానిని పుట్టించినవి నీలిపచ్చ పాచి యని మనము వాడుకగా పిలుచు సూక్ష్మజీవులు. మనము పీల్చు ఊపిరికి మూలపురుషులు వారే. మద్రాసు విశ్వవిద్యాలయమున ఎం. ఓ. పి. అయ్యంగారు (1886–1963) దక్షిణదేశపు పాచిజాతుల పరిశోధనమునందు జీవితము గడపి లోకమున కీర్తి గాంచిరి. మనము ముక్కు మూసికొని దాటిపోవు గుంట ఆయనకు గ్రంథాలయము.

పాచి యెందులకు పెరుగును? పచ్చని జీవి కేదైనను వెలుగు కావలెను, బొగ్గుపులుసు గాలి కావలెను, నత్రజని, భాస్వరము, పొటాసియము, ఇనుము మొదలగు లవణములు కావలెను. వీనిలో నేది మిక్కిలి తక్కువో దాని పరిమాణమునుబట్టియే పెరుగుదల యుండునని 19వ శతాబ్దమున జర్మనీలో లీబిగ్ ప్రచారము చేసిన సూత్రము. వర్షాధారపు సేద్యము చేయు మన రైతున కీ సూత్రము నెవ్వరును చెప్పనక్కఱలేదు. వానలేని యేడు ఎరువు రెట్టించినంతమాత్రమున వేరుసెనగ దిగుబడి రెట్టింపు గాదు. తొట్టిలోను నంతే. వెలుగు మెండుగా నిచ్చి మిగిలినవి చాలకున్నచో మొక్క యా వెలుగును వాడుకొనలేదు. పెరుగుదల యాగి, ముదురాకులు కుళ్లుట కారంభించును. పాచి శరీరము సూక్ష్మము. దాని యవసరము లత్యల్పములు. మొక్క వదలిన వెలుగును, కుళ్లిన యాకునుండి కారిన సారమును గ్రహించి యది విజృంభించును. కావున పాచి మొక్కను జయించినదనుట సరిగాదు. మొక్క దిగిపోయిన గద్దెపై నది కూర్చున్నదనుట సరి.

గాజుతొట్టి చరిత్రయు నీ సమతౌల్యపు చరిత్రయే. 1850లో లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు చిన్న బంగారుచేపలను వాలిస్నేరియా యను నీటిమొక్కతో గూడ నొక గాజుపాత్రలో నుంచెను. చేప విడిచిన గాలిని మొక్కయు, మొక్క విడిచిన గాలిని చేపయు వాడుకొనుచుండెను. ఐనను కొంతకాలమునకు కుళ్లిన యాకులచేతను పాచిచేతను నీరు చెడసాగెను. అప్పుడాయన చెఱువునత్తలను తెచ్చి విడిచెను. అవి కుళ్లినదానిని, పాచిని తినివేయగా నీరు తేటపడెను. నాలుగేండ్ల తరువాత, 1854లో, ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథమున నిట్టి తొట్టికి 'అక్వేరియము' అను పేరును వ్యాపింపజేసెను. వారింగ్టను విషమేమియు పోయలేదు, లోపించినదానిని చేర్చెను. ఈ మర్మము మఱవరానిది.

ఐతే లండను ఎండ వేఱు, మన ఎండ వేఱు. వేసవి మధ్యాహ్నమున మనపై బడు వెలుగు సుమారు ఒక లక్ష లక్సులు. చదువుకొను బల్లపై 500 లక్సులున్న చాలును. ఆ యెండ కిటికీగుండ తిన్నగా తొట్టిపై గంటసేపు బడినను, దీపము నెంత నియమముగా వాడినను ఫలము దక్కదు. కావున మన సీమలో తొట్టికి తొలినియమము ఎండ తగులని చోటు. రెండవది, దీపమును దినమునకు 6 గంటలు మొదలు 8 గంటల వఱకే వెలిగించుట, అదియు ప్రతిదినము నొకే వేళకు. నేడు స్వల్పవ్యయముతో దొరకు టైమరు నమర్చిన మఱపుకు తావుండదు. క్రొత్తతొట్టికి 6 గంటలే చాలును. మొక్కలు వేరూని క్రొత్తచిగుళ్లు వేసిన పిమ్మట నొక్కొక్క యరగంట పెంచవచ్చును.

మన నేలకు మఱియొక విశేషము కలదు. కడపబండ యనుపేర నిండ్లలో పఱచు నల్లరాయియు, బేతంచెర్ల బండలును సున్నపురాతి జాతులు. ఆ రాతిని పొడిచేసి నిమ్మరసము పిండిన సన్నని నురుగు లేచుటను బడిపిల్లలకు జూపవచ్చును. పెక్కుచోట్ల మన బోరునీరిట్టి పొరలనుండి వచ్చును గావున కఠినముగాను క్షారముగాను నుండును. అట్టి నీటిలో బొగ్గుపులుసు గాలి స్వేచ్ఛగా నుండుట తక్కువ, బైకార్బొనేటు లవణముగా నుండుట యెక్కువ. అంగడిలో నెఱ్ఱని యాకులతో కన్నులకింపగు మొక్కలలో పెక్కింటి కా లవణమునుండి కర్బనమును గ్రహించు శక్తి లేదు. అవి మూడువారములలో క్షీణించును. వాని శిథిలములపై పాచి మొలచును. మన దేశపు కాలువలలో పెరుగు హైడ్రిల్లాకును, వారింగ్టను వాడిన వాలిస్నేరియాకును నా శక్తి కలదు. ఇవి త్వరగా పెరిగి నీటిలోని సారమును పాచికంటె ముందుగా వాడుకొనును. కాబట్టి మన నీటికి తగిన మొక్కను వెదకుడు. మొక్కకొఱకు నీటిని మార్చు తాపత్రయము పిమ్మట. తొట్టి యడుగున కడపబండ ముక్కలను పేర్చుటయు మానదగినది. అవి నీటి కాఠిన్యమును మఱింత పెంచును.

ఇక నీ వ్యాసమునకు బురికొల్పిన విషయము. నాలుగేండ్ల క్రిందట నంద్యాలలో మా వీధిలో నొక కుటుంబమువారు క్రొత్తయిల్లు కట్టి, వాస్తు చెప్పినవారి మాటపై ఈశాన్యమూలన చేపలతొట్టి నిలిపిరి. ఎనిమిది బంగారుచేపలు, ఒక నల్లచేప. నల్లచేప యింటి దిష్టిని తనపై వేసికొనునని నమ్మకము. తూర్పుకిటికీ యెండ ప్రొద్దుట మూడుగంటలసేపు తిన్నగా తొట్టిపై బడును. పైదీపము రాత్రి పదిగంటల వఱకు వెలుగును. వచ్చిన చుట్టములెల్ల మేత చల్లుదురు. పదునైదు దినములకు పెద్దకొడుకు పెండ్లి జరిగి కోడలు కాపురమునకు వచ్చెను. ఆమె వచ్చిన వారములో నాలుగు చేపలు చచ్చెను; నెల తిరుగకమునుపే నీరు పచ్చనయ్యెను. చచ్చిన చేప యింటి కీడును మోసికొనిపోయినదని తొలుత సంతోషించినవారే, నీరు పచ్చబడగానే 'కోడలి కాలు' అని గుసగుసలాడసాగిరి.

ఈ గుసగుసను చిన్నదిగా నెంచరాదు. బోరు ఎండినను, ఎద్దు చచ్చినను, వ్యాపారము దెబ్బతిన్నను కారణమును క్రొత్తగా వచ్చిన పిల్ల కాలిలో వెదకు నింట నా పిల్ల కన్నము సయింపదు. పుట్టింటికి పంపు మాట యంతటితో మొదలగును. ఇక్కడ చేపలు చచ్చుటకు కారణము చూడుడు. చేపల మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. దానిని తక్కువ హానిగల నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు క్రొత్తతొట్టిలో వృద్ధిపొందుటకు నాలుగు మొదలాఱు వారములు పట్టును. తొలిదినముననే తొమ్మిది చేపలను వదలినచో నమోనియా పేరుకొనును. నీటి క్షారగుణము పి.హెచ్. 7 నుండి 8కి పెరిగినచో దానిలో విషరూపముననుండు భాగ మించుమించు పదిరెట్లగును. మన నీరట్టిది. కోడలు రాకున్నను నా చేపలు చచ్చియే యుండును. వచ్చుట యాకస్మికముగా నా వారముననే తటస్థించినది.

పచ్చనీటికి ఒక యంగడివాడు నీలిరంగు మందొకటి యిచ్చెను. దానిలోనిది రాగిలవణము. మైలుతుత్తముతో పాచిని చంపు పద్ధతి క్రొత్తది గాదు. 1904లో అమెరికాలో మంచినీటి జలాశయములకై దీనిని ప్రకటించిరి. చిన్నతొట్టిలో నది నత్తలను చంపును, చేపలను బాధించును. అంతకంటె పెద్ద యపాయము, ఒక్కుమ్మడిగా చచ్చిన పాచి కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును హరించుట. 20 డిగ్రీల నీరు లీటరునకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నరయే నిలుపుకొనును. రాత్రి చీకటిలో మొక్కలును పాచియు గూడ ప్రాణవాయువును తీసికొనునవే. అందుచే మందు పోసిన మఱునాటి తెల్లవారుజామున మిగిలిన చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి రొప్పుచుండెను. పదిదినములకు నీరు మరల పచ్చనయ్యెను. కారణము చెక్కుచెదరక నిలిచియుండగా ఫలమునుమాత్రము చంపిన నట్లుగాక మఱెట్లగును?

కోడలు కడపలో వృక్షశాస్త్రము చదివి పట్టము పొందినది. నేనొకనాడు వారింటికి బోయినప్పుడు తొట్టి యెదుట నిలిచి చూచుచుండెను. "ఏమమ్మా, ఏం చూస్తుండావు?" అని యడిగితిని. "నీళ్లు పచ్చగైంది నా కాలుతో కాదు మామా, ఎండతో. చూపిస్తా చూడండి" అనెను. ఆమె యెవరితోను వాదింపలేదు. మామగారి మాట కడ్డుచెప్పక తొట్టిని ఈశాన్యముననే యుంచెను. కిటికీకి మందమైన తెఱ కట్టెను. తొట్టికి దుప్పటి చుట్టి మూడుదినములు దీపము మానెను. నీటిలో తేలు పాచి చీకటి కోర్వలేదు, మొక్క యోర్చును. పిమ్మట దీపమును 6 గంటలకు తగ్గించెను. చేపలు రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే దినమున కొకమాఱు వేసెను. నాలుగుదినముల కొకమాఱు నాలుగవవంతు నీరు మార్చెను. హైడ్రిల్లా, వాలిస్నేరియా తెప్పించి కడిగి నాటెను. మిగిలిన యైదు చేపలలో మూడింటిని పెద్ద సిమెంటుతొట్టి గల బంధువుల కిప్పించెను. మూడవవారమునకు తొట్టి యడుగునగల యిసుకరేణువులు లెక్కింపవచ్చునన్నంత తేటయయ్యెను.

కథ యింతటితో ముగిసిన, మేలంతయు వాకిట కట్టిన గుమ్మడికాయకు చెందియుండెడిది. ఏలయన నడుమ నత్తగారు దిష్టి గుమ్మడికాయ కట్టించిరి. నీరు తేటపడుట దాని మహిమయే యని చెప్పుకొనిరి. అప్పుడా పిల్ల చేసిన పనియే నాకు మిక్కిలి నచ్చినది. గుమ్మడికాయను వాకిటనే యుంచి, మేతను నీటిని మొక్కలను దీపమును ముందువలెనే నడపుచు, తెఱనొక్కదానిని తీసివేసెను. పదవనాటికి అద్దముపై పచ్చపొర పట్టి నీరు మసకబాఱెను. అందఱును చూచిరి. మరల తెఱ కట్టెను, నీరు తేటపడెను. ఇతరములన్నియు నొక్కరీతిగా నుంచి యొక్కదానినే మార్చి చూచుట, ఇదియే పరీక్ష. ఇదే న్యాయముతో కెనడాలో 1973లో శాస్త్రజ్ఞులొక సరస్సును తెఱతో రెండుభాగములు చేసి, రెంటను కర్బనమును నత్రజనిని చేర్చి, ఒకదానిలోమాత్రము భాస్వరమును గూడ చేర్చిరి. భాస్వరము చేర్చిన భాగము పచ్చబడెను, రెండవది పచ్చబడలేదు. ఆ సరస్సునకును నంద్యాల యింటి తొట్టికిని పరిమాణమున భేదమేగాని రీతిని భేదము లేదు. ఆ యింట క్షమాపణము లెవ్వరును చెప్పలేదు. కాని 'కాలు' అను మాట మరల వినబడలేదు. నేడు ప్రతిదిన ముదయమున తెఱ దింపుట అత్తగారి పని.

పాచి యన్నియు నొక్కటి గావు. రూపమునుబట్టి కారణము నూహింపవచ్చును. క్రొత్తతొట్టిలో గోధుమరంగు పొడివంటి పొర పట్టినచో భయపడనక్కఱలేదు. తుడిచివేయుచుండిన కొన్నివారములకు దానంతట నది తగ్గును. అద్దముపై గట్టి పచ్చచుక్కలు, నీరు పచ్చబడుట, ఈ రెండును వెలుగు మెండగుటను దెలుపును. దారపుపోగుల పాచిని పుల్లకు చుట్టి తీసివేసి, దీపము గంట తగ్గించి, మొక్కలు పెంచవలెను. జిగటగా నేలను కప్పి దుర్వాసన వేయు నీలిపచ్చపొర నీరు కదలని మూలల నెక్కువగా పట్టును. అడుగును శుభ్రపఱచి నీటికి కదలిక గల్పింపవలెను. నల్లని గడ్డమువలె ఆకుల యంచుల నంటుకొనునది ఎఱ్ఱపాచి జాతి. ఆ యాకులను కత్తిరించివేయుట మేలు. కొలదిపాటి పాచి రాళ్లపై నున్న దోషములేదు. నత్తలకును చేపపిల్లలకును నదియే యాహారము. ఒక్క పోగైనను లేని తొట్టిని కోరుట, ఒక్క కలుపుమొక్కయైనను లేని చేనిని కోరుటవంటిది.

ఈ విచారము ఇంటి తొట్టితో నిలువదు. మహానంది కోనేరు చూచినవారందఱును దాని తేటదనమును కొనియాడుదురు. నల్లమల పాదమున నుబికి వచ్చు నూటనీరు గుండములలో నిండి, నిలువక బయటికి బోయి, అరటితోటలను వరిపొలములను తడుపును. ఆ కోనేటిపై పడు ఎండయు మన సీమ యెండయే. ఐనను నీరు సాగిపోవుచుండుటచే సారము పేరుకొనదు. తేలు పాచి పెరుగుటకు వ్యవధి చిక్కదు. ఇక నూట లేక, వానకు నిండి యేడాది పొడవున నిలిచియుండు ఊరి కోనేరులను చూడుడు. అందులో పూలదండలు, పిండిదీపములు, మరమరాలు, సబ్బునురుగు చేరును. పుణ్యమని వేసిన ప్రతి పిడికెడును పాచికి వేసిన యెరువే. నీరు పచ్చబడి చేపలు తేలినప్పుడు శాంతిహోమము చేయుదుముగాని, వేయుట మానము.

మన పూర్వులీ వివేకము నెఱుగనివారు గారు. కడప మండలము పోరుమామిళ్ల చెఱువు కట్టించిన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనమున చెఱువునకుండదగిన పండ్రెండంగములను, ఆఱు దోషములను పేర్కొనిరి. ఆ దోషములలో నీరు తక్కువై నేల యెక్కువగుట యొకటి, నీరెక్కువై నేల తక్కువగుట మఱియొకటి. వేయిమంది కూలీలతోను నూఱుబండ్లతోను రెండేండ్లు పనిచేయించి కట్టించిన యా చెఱువు విషయమున దోషమనగా పాళము తప్పుట యనియే యెంచిరిగాని, ఎవరి కాలు చెడ్డదని యడుగలేదు. వారి పేరు చెప్పుకొను మనము వారి లెక్కను విడిచి శకునమును పట్టుకొంటిమి.

కావున చదువరులకు నా మనవి యిది. మీ యింట గాని, మీ చుట్టముల యింట గాని తొట్టినీరు పచ్చబడినచో నీ ప్రశ్నలు వేయుడు. ఎండ తిన్నగా పడుచున్నదా? దీప మెన్ని గంటలు వెలుగుచున్నది? మేత మిగులుచున్నదా? నీరు తుదిసారి యెప్పుడు మార్చితిరి? మొక్కలు చిగిర్చుచున్నవా? ఒక్కొక్కదానిని విడివిడిగా సవరించి పదిదినములు చూడుడు. ఆ యింట క్రొత్తకోడలున్నచో నీ ప్రశ్నలామె యెదుట, అందఱు వినునట్లు అడుగుడు. ఆమె చదువుకొన్న పిల్లయైనచో తెఱ కట్టు పని యామెకే యప్పగింపుడు.